పడిన మోటారు సైకిలు – ఆగిన ఇంజను

వానకు తడిసిన బాటపై మోటారు సైకిలు జారి ప్రక్కకు పడినదనుకొనుడు. నడుపువానికి మోచేయి గీరుకొనుట తప్ప వేరు దెబ్బ లేదు. కాని బండిని నిలబెట్టి కిక్కు కొట్టినను ఇంజను స్టార్టు కాదు. ఇట్టి సమయమున పెక్కుమంది విసుగుతో పదే పదే కిక్కు కొట్టుదురు. దీనివలన శ్రమయే కాక, ఒక్కొక్కప్పుడు ఇంజనుకే చేటు కలుగును.

పెట్రోలు ఇంజను నడచుటకు నాలుగు కావలెను: గాలి, పెట్రోలు, ఆ మిశ్రమమును సిలిండరులో అదుముట, తగిన క్షణమున నిప్పురవ్వ. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నిర్మించిన నాలుగు స్ట్రోకుల ఇంజనుకును, నేటి మోటారు సైకిలుకును ఇంధనమును గాలితో కలిపి, అదిమి, మండించుటయే సూత్రము. బండి పడినపుడు ఈ నాలుగింటిలో ఏది లోపించినదో కనుగొనుటయే పరీక్ష.

మొదట బండిని బాట ప్రక్కకు చేర్చి, కంటితోను ముక్కుతోను పరీక్షింపవలెను. పెట్రోలు కారుచున్నచో దరిదాపుల నిప్పు ఉండరాదు. ఇంజను క్రింద నూనె చుక్కలున్నవేమో చూడవలెను. పిమ్మట యాక్సిలరేటరు పిడిని త్రిప్పి వదలవలెను. అది తనంతట వెనుకకు రానిచో స్టార్టు చేయరాదు. ఇంజను ఒక్కసారిగా వేగమందుకొని బండి ముందుకు దూకవచ్చును.

తరువాత మీటలు. పడినపుడు హ్యాండిలుపైనున్న ఇంజను ఆపు మీట నొక్కుకొనిపోవుట సామాన్యము. భారత్ స్టేజ్ 6 నిబంధనలు 2020లో అమలైన పిదప వచ్చిన బండ్లలో చాలవరకు కార్బురేటరు లేదు. పెట్రోలును ఇంజెక్టరు చిమ్మును. ఇట్టి బండ్లు పెక్కింటిలో వంపును కనిపెట్టు పరికరమొకటి యుండి, బండి పడగనే ఇంజనును ఆపివేయును. ఇది లోపము కాదు, రక్షణ. బండిని నిటారుగ నిలిపి, తాళపుచెవిని ఒకసారి ఆపి మరల త్రిప్పినచో సాధారణముగ సరిపోవును.

కార్బురేటరు గల బండి కథ వేరు. దానిలోని చిన్న గిన్నెయందు తేలు బుడ్డి, పెట్రోలు నిండగనే ద్వారమును మూయును. బండి ఒరిగినపుడు బుడ్డి పని చెడి, పెట్రోలు పొంగి సిలిండరులోనికి పోవును. బరువులో ఒక పాలు పెట్రోలు మండుటకు సుమారు 15 పాళ్లు గాలి కావలెను. పెట్రోలు మితిమీరినచో మిశ్రమము అంటుకొనదు, స్పార్కు ప్లగ్గు తడిసిపోవును. అపుడు పెట్రోలు కుళాయి కట్టి, యాక్సిలరేటరు పూర్తిగ తెరచి, నాలుగైదుసార్లు కిక్కు కొట్టినచో గాలి లోనికి పోయి తడి ఆరును. అప్పటికిని ఫలము లేనిచో, ఇంజను చల్లారిన పిదప ప్లగ్గును తీసి తుడిచి ఆరబెట్టవలెను.

కిక్కు కడ్డీ క్రిందికి దిగకున్నచో బలవంతము చేయరాదు. సిలిండరులో నూనె గాని పెట్రోలు గాని నిలిచియుండవచ్చును. గాలి అదిమిన కుదించుకొనును, ద్రవము కుదించుకొనదు. బలముగ త్రిప్పినచో పిస్టనును కలుపు కడ్డీ వంగిపోవును. తాళపుచెవి ఆపి, ప్లగ్గు తీసి, ఇంజనును మెల్లగ త్రిప్పినచో ద్రవము వెలికి వచ్చును.

ఇంజను స్టార్టైనంతమాత్రమున పరీక్ష ముగియదు. మొదట కొలదిసేపు నీలిపొగ వచ్చి తగ్గినచో, పడినపుడు చేరిన నూనె కాలిపోయినదని అర్థము. పొగ ఆగకున్నను, లోపల టకటక ధ్వని వినవచ్చినను, నూనె మట్టము తగ్గినను ఇంజనును వెంటనే ఆపవలెను. నూనె లేక తిరిగిన ఇంజను కొద్ది నిమిషములలోనే బిగుసుకొనిపోవచ్చును. అట్టి బండిని నడపక, మెకానికు వద్దకు తోసికొని పోవుటయే మేలు.

ఒక్కొక్క కారణమును విడిగా పరీక్షించి, కానిదానిని తొలగించుచు పోవుట ప్రయోగశాలలో విద్యార్థులు నేర్చు పద్ధతియే. బాట ప్రక్కను కూడ అదియే పనికివచ్చును.