ఉత్తరాన చలి, దక్షిణాన ఎండ: రెండింటికీ ఒకే జాగ్రత్త చాలదు

సౌదీ అంటే ఎండే అనుకుని ఊరి నుంచి బయల్దేరతాం. స్వెట్టర్ పెట్టుకో బిడ్డా అని అమ్మ అంటే నవ్వుతాం. తీరా తబూక్‌లోనో, అరార్‌లోనో, తురైఫ్‌లోనో సైటు పడితే జనవరి రాత్రుల్లో చలి సున్నా డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా కిందికీ దిగుతుంది. అదే కంపెనీ ఎండాకాలంలో మిమ్మల్ని దక్షిణాన జిజాన్‌కు పంపిందనుకోండి. ఎర్రసముద్రం ఉక్కపోతలో చెమట కూడా ఆరదు.

ఎండతో ప్రమాదం పగలు, సైటులో, నలుగురి ముందు వస్తుంది. చలితో ప్రమాదం రాత్రి, రూములో, నిద్రలో వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఎండాకాలం

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదు. చమురు, గ్యాస్ పనులకు, అత్యవసర మరమ్మతులకు మినహాయింపు ఉంది. అయినా వాళ్లకు ఎండ తగలకుండా ఏర్పాటు చేయాల్సిందే. ఆ మూడు గంటల పనిని పొద్దున్నకో సాయంత్రానికో జరపొచ్చు. కానీ రోజుకు 8 గంటలు దాటితే అది ఓవర్‌టైమ్. మీ గంటలు మీరే చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి.

నిషేధం ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఒంటికి ఎండ అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. చలి ప్రాంతం నుంచి వచ్చినా, రెండు నెలలు ఇంటికి పోయి వచ్చినా పాత అలవాటు పోతుంది. పదేళ్ల సీనియర్ అయినా ఆ మొదటి వారం కొత్తవాడే. ఫోర్‌మన్‌కు చెప్పి బరువు పని మెల్లగా పెంచుకోండి. పావుగంటకో, ఇరవై నిమిషాలకో గ్లాసు నీళ్లు తాగండి. పక్కనున్న మనిషి మాట తడబడినా, తికమకపడినా, పడిపోయినా వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. 997కు ఫోన్ చేయండి.

చలికాలం

ఉత్తరాన ఒక క్యాంపులో ఆరుగురున్న రూము. వంట చేయగా మిగిలిన బొగ్గుల కుంపటిని వెచ్చగా ఉంటుందని లోపల పెట్టుకుని, తలుపు మూసి పడుకున్నారు. తెల్లవారుజామున బాత్‌రూముకని లేచినతను తలుపు తీసి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆ తలుపు తెరుచుకోబట్టే ఆరుగురూ బతికారు.

బొగ్గులు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. రూములో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టు, కళ్లు తిరిగినట్టు ఉంటే జలుబని పడుకోవద్దు. వెంటనే అందరూ బయటికి రండి. నిప్పు ఆరినట్టు కనిపించినా కుంపటి లోపలికి తేవద్దు.

కుంపటి వద్దంటే సరిపోదు, హీటరు కావాలి. అందుకే చలి ముదరకముందే, రూములో ఉన్నవాళ్లంతా సంతకాలు పెట్టి కంపెనీకి రాసివ్వండి, ఒక ఫోటో తీసి దాచుకోండి.

జాకెట్ డబ్బులు

నేను బీకాం చదివినవాణ్ణి, పే స్లిప్పులు చూస్తుంటాను. జాకెట్ పేరుతో జీతంలో కోత పడ్డ స్లిప్పు నా దగ్గరికి వచ్చింది. పనిలో ప్రమాదం నుంచి కాపాడే సామగ్రి యజమానే ఇవ్వాలని, దానికి జీతంలో పట్టుకోకూడదని సౌదీ కార్మిక చట్టం చెబుతోంది. కోత కనిపిస్తే అడగండి. వినకపోతే కార్మిక శాఖ నంబరు 19911 ఉంది.

కొత్త సైటుకు వెళ్లే ముందు ఫోర్‌మన్‌ను రెండే అడగండి: అక్కడ నీడ ఉందా? రూములో హీటరు ఉందా?