డేటా తీగలోకి కరెంటు వచ్చిన కథ

వీధంతా చీకటైనా ల్యాండ్‌లైన్ ఫోను పలికేది. రిసీవరు ఎత్తితే డయల్ టోన్ వినిపించేది. ఆ ఫోనుకు అందే కరెంటు మన ఇంటిది కాదు, ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలది. రెండేసి వోల్టుల లెడ్ యాసిడ్ సెల్లులు 24 వరసగా కలిపితే 48 వోల్టులు. మాటను మోసే రాగి తీగల జతే ఆ కరెంటునూ మోసేది. తొలినాళ్లలో ప్రతి ఫోను పక్కనా ఒక బ్యాటరీ ఉండేది. 1890లలో అమెరికాలో వాటిని ఎక్స్ఛేంజికి చేర్చడం మొదలైంది. బ్యాటరీలన్నీ ఒక్కచోట ఉంటే కనిపెట్టుకోవడమూ మార్చడమూ తేలిక.

కంప్యూటర్ నెట్‌వర్కులకు ఈ సదుపాయం చాలాకాలం లేదు. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ప్రతిపాదించిన ఈథర్‌నెట్ డేటాను మాత్రమే మోసింది. తర్వాత ఆఫీసు ఫోన్లు కూడా ఆ తీగల మీదికే వచ్చాయి. దాంతో కరెంటు పోతే ఫోనూ మూగబోయేది. 2000లో నెట్‌వర్క్ పరికరాల సంస్థ సిస్కో అలాంటి తన ఐపీ ఫోన్లకు, నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే స్విచ్ నుంచే కరెంటు ఇచ్చింది. 2003లో ఐఈఈఈ సంస్థ 802.3ఏఎఫ్ పేరుతో అందరికీ ఒకే ప్రమాణం తెచ్చింది. దాన్నే మనం పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) అంటున్నాం. ఇక్కడా వోల్టేజి 48కి అటూ ఇటూనే ఉంటుంది.

ఈ ప్రమాణంలో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని జాగ్రత్త. తీగ గుచ్చగానే స్విచ్ 48 వోల్టులు పంపేయదు. అలా చేస్తే పాత ల్యాప్‌టాప్ పోర్టు కాలిపోవచ్చు. ముందు పది వోల్టుల లోపు పంపి చూస్తుంది. అవతల సుమారు 25 కిలో ఓమ్‌ల నిరోధం కనిపిస్తే అది కరెంటు అడిగే పరికరమని అర్థం. తర్వాత వోల్టేజి కొంచెం పెంచి, ఎంత కావాలో కనుక్కుంటుంది. అప్పుడే అసలు సరఫరా మొదలవుతుంది. తీగ పీకేస్తే సెకను తిరగకుండానే ఆపేస్తుంది.

ఆ ప్రమాణం ప్రకారం పోర్టు ఇవ్వగలిగేది 15.4 వాట్లు, పరికరానికి ఖాయంగా అందేది 12.95. మిగతా 2.45 వాట్లు ఏమైనట్టు? వంద మీటర్ల తీగలో రానూపోనూ కలిపి 20 ఓమ్‌ల నిరోధం ఉండవచ్చని లెక్క. అందులో 0.35 ఆంపియర్లు పారితే సరిగ్గా అంతే వేడిగా పోతుంది. చౌకగా వస్తోందని రాగి పూత వేసిన అల్యూమినియం తీగ కొంటే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. 2009లో పోర్టు పరిమితి 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెరిగింది.

ఇరవై నాలుగు పోర్టుల స్విచ్ పెట్టె మీద తరచూ 370 వాట్లు అని కనిపిస్తుంది. 24ను 15.4తో గుణించండి, 369.6 వస్తుంది. అంటే పోర్టుకు 30 వాట్ల చొప్పున పూర్తిగా వాడుకుంటే పన్నెండు పోర్టులకే సరి. మిగతా పోర్టుల్లో డేటా వస్తుంది, కరెంటు రాదు. ఏ పోర్టు ముందు, ఏది వెనక అని ప్రాధాన్యం మనమే పెట్టాలి. గేటు కెమెరా ముందుండాలి, పార్కింగులో మూడో కెమెరా ఆగినా ఫరవాలేదు.

ఒక అపార్టుమెంటు లెక్క చూద్దాం. పదహారు కెమెరాలు, నాలుగు వైఫై పెట్టెలు, గేటు దగ్గర ఒక ఫోను. పగలు ఏడు వాట్లతో నడిచే కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగితే పన్నెండు తీసుకుంటుందనుకుందాం. కెమెరాలకు 192, వైఫైకి 80, ఫోనుకు 5, మొత్తం 277 వాట్లు. స్విచ్ సొంత ఖర్చు మరో 40, దాని పవర్ సప్లైలో నష్టం పదో వంతు. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద పడే బరువు 350 వాట్లు దాటుతుంది. పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్-అవర్ల బ్యాటరీలు మూడున్న యూపీఎస్‌లో పేరుకు 252 వాట్-అవర్లు ఉంటాయి. ఇంత వేగంగా లాగితే అందులో చాలా భాగం చేతికి రాదు. అరగంట నిలిస్తే గొప్ప. రెండు గంటలు కావాలంటే పెద్ద బ్యాటరీలు తప్పవు. గాలి ఆడని మెట్లకింద గదిలో పెడితే వాటి ఆయుష్షు సగమవుతుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చాలు.

పెద్ద ఆఫీసులకు మరో దారి ఉంది. సిస్కో క్యాటలిస్ట్ 3750-ఎక్స్ వంటి స్విచ్‌లను నాలుగింటిదాకా జతచేసి, వాటి పవర్ సప్లైలన్నిటినీ ఒకే ఉమ్మడి నిధిగా వాడుకోవచ్చు. అంతా ఖర్చుకే పెట్టేస్తే ఒక సప్లై చెడినప్పుడు కొన్ని పోర్టులు ఆగుతాయి. అన్నిటికన్నా పెద్ద సప్లై ఇచ్చేంత వాట్లను లెక్కలోంచి తీసి పక్కన పెట్టే పద్ధతీ ఉంది. ఆసుపత్రి వంటి చోట నేను దాన్నే ఎంచుకోమంటాను.

ఇక ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ మోడెం, కెమెరా రికార్డరు కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి. వాటి వాట్లు పై లెక్కలో లేవు, కలపాలి. అన్నీ కలిపాక మెయిన్ స్విచ్ ఆపి ఎంతసేపు నిలుస్తుందో కొలవాలి, అదీ కెమెరా దీపాలు వెలిగే రాత్రి వేళే.