ఇరుకు స్లాటు - వేగపు కార్డు

పల్నాటి సీమకు జీవనాధారము నాగార్జునసాగర్ కుడి కాలువ. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఈ ప్రాజెక్టునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. కుడి కాలువ తన మొదట సెకనుకు 11,000 ఘనపుటడుగుల నీటిని కొనిపోవునట్లు నిర్మింపబడినది. జలాశయము 590 అడుగుల పూర్తి మట్టమునకు నిండినను కాలువ పట్టునంత నీరే ముందునకు సాగును. కాలువ నిండుగా పారినను, పంటబోదె సన్నమైనచో రైతునకు దక్కునది బోదె పట్టునంతయే. కంప్యూటరులో సమాచారము పారు త్రోవలకును ఈ సూత్రమే వర్తించును.

ఒక కంప్యూటరు తీగ ద్వారా ఇతర కంప్యూటర్లతో సమాచారమును ఇచ్చి పుచ్చుకొనుటకు నెట్‌వర్కు కార్డు సాధనము. ఈ కార్డును మదర్‌బోర్డు అను ప్రధాన ఫలకముపై గల గాడిలో గ్రుచ్చుదురు. ఆ గాడికే స్లాటని పేరు. నేడు తరచుగా కానవచ్చునది పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు. ఇందు సమాచారము నడచు బాటను లేను అందురు. ప్రతి లేనునందును పంపుటకు రెండు తీగలు, పుచ్చుకొనుటకు రెండు తీగలు ఉండును. సాధారణముగా స్లాట్లు ఒకటి, నాలుగు, ఎనిమిది, పదునారు లేన్లకు తగిన పొడవులలో లభించును.

లేన్లకు తరములు కూడ కలవు. మొదటి తరపు లేను ఒక్కొక్క దిశలో సెకనుకు 250 మెగాబైట్లను మోయగలదు. రెండవ తరము 500, మూడవ తరము సుమారు 985 మెగాబైట్లను మోయును. కార్డు వేగమును మాత్రము గిగాబిట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 10 గిగాబిట్ల కార్డు నిండు వేగమున పనిచేయుటకు సెకనుకు 1,250 మెగాబైట్ల త్రోవ కావలెను.

అట్టి రెండవ తరపు కార్డును ఒకే లేను గల స్లాటున గ్రుచ్చినచో ఏమగును? ఆ త్రోవ 500 మెగాబైట్లు, అనగా 4 గిగాబిట్లు మాత్రమే మోయగలదు. అందును కొంత భాగము రవాణా ఏర్పాట్లకు తరుగు పోవును. నాలుగు లేన్లున్నచో 2,000 మెగాబైట్ల త్రోవ లభించును. తీగ తగిలించు ద్వారము ఒకటే యున్న కార్డునకు అది చాలును. రెండు ద్వారములును ఒకేసారి నిండు వేగమున పనిచేయవలెనన్న 2,500 మెగాబైట్లు కావలెను గనుక అదియు చాలదు.

ఇచట మోసపోవుటకు అవకాశములు పెక్కు కలవు. స్లాటు చూచుటకు పదునారు లేన్ల పొడవున్నను, లోపల నాలుగు లేన్లకే తీగలు కలిపియుండవచ్చును. మదర్‌బోర్డుతో వచ్చు పుస్తకము చూచినచో ఈ సంగతి తెలియును. పొట్టి కార్డు పొడవైన స్లాటున అమరును. పొడవైన కార్డు మాత్రము, స్లాటు చివర తెరచియున్ననే పొట్టి స్లాటున అమరును. కంప్యూటరు మేల్కొనగానే కార్డును స్లాటును పరస్పరము సంప్రదించుకొని, ఉభయులకును సాధ్యమైన లేన్ల సంఖ్యకు, తరమునకు కట్టుబడును. రెండవ తరపు కార్డును మూడవ తరపు స్లాటున ఉంచినను అది రెండవ తరపు వేగముననే నడచును. వేగము తగ్గినను కార్డు పనిచేయుచునే యుండును గనుక, నష్టము పెక్కుమారులు యజమాని కంటబడదు.

వేడిమి మరియొక చిక్కు. పెద్ద యంత్రములకై చేసిన వేగపు కార్డులు బలమైన గాలి వీచుటను అపేక్షించును. రెంటచింతల ఎండలు ప్రసిద్ధములు గదా! అట్టి చోట గాలి ఆడని పెట్టెలో అవి మిక్కిలి కాగును.

నరసరావుపేటలోనో గురజాలలోనో ఒక పాఠశాల యందు ముప్పది మంది విద్యార్థులు ఒకే కంప్యూటరునుండి పాఠములను తెరచుచున్నారనుకొందము. ఒక గిగాబిట్ కార్డు సెకనుకు 125 మెగాబైట్లు పంపును. ఒక్కొక్కరి వంతు నాలుగు మెగాబైట్లు. అందున్నది ఒకే లేను గల రెండవ తరపు స్లాటైనచో, 10 గిగాబిట్ల కార్డు కొనుట ధనవ్యయమే. రెండున్నర గిగాబిట్ల కార్డునకు 312 మెగాబైట్లు చాలును గనుక ఆ స్లాటు దానిని సుఖముగా భరించును. ఒక్కొక్కరి వంతు పది మెగాబైట్లగును. ఐతే తీగలు కలియు స్విచ్చి కూడ ఆ వేగమునకు తగినదై యుండవలెను. పాఠములు దాచిన హార్డుడిస్కు మందకొడిదైనచో ముందుగా దానినే మార్చవలెను.

కావున కొనుటకు ముందు త్రోవ యంతయు పరీక్షింపవలెను. డిస్కు, స్లాటు, కార్డు, తీగ, స్విచ్చి - వీనిలో మిక్కిలి ఇరుకైనది ఏదో, ఫలితమును నిర్ణయించునది అదియే. దానిని గుర్తించినవాడు స్వల్ప వ్యయముతోనే పాత కంప్యూటరునకు క్రొత్త బలము చేకూర్చును. గుర్తింపనివాడు విశాలమైన చోటనే ధనము పోసి, ఇరుకు చోటును ఇరుకుగానే విడిచిపెట్టును.