అరుదైనదట! ఎవరు లెక్కపెట్టారు?

2013 అక్టోబరులో చికాగో నగరంలోని ఫెడరల్ న్యాయస్థానంలో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి తన నేరం ఒప్పుకున్నాడు. తన సంస్థ జరిపిన వేలాలలో దొంగ పాటలు పాడించి ధరలు పెంచినట్లు అంగీకరించాడు. దానితోపాటు, సేకర్తలు ఏళ్ల తరబడి గుసగుసలాడుకుంటూ వచ్చిన ఒక అనుమానం కూడా ఆనాడు నిజమని తేలిపోయింది. ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన బేస్‌బాల్ కార్డు అంచులను తానే కత్తిరించానని ఆయన ఒప్పుకున్నాడు.

ఆ కార్డుపై ఉన్న బొమ్మ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు క్రీడాకారుడు హోనస్ వాగ్నర్‌ది. 1909–11 సంవత్సరాలలో అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్టు పెట్టెలతోపాటు ఆటగాళ్ల బొమ్మలు ఇచ్చేది. తన బొమ్మ వాడవద్దని వాగ్నర్ అభ్యంతరం చెప్పాడంటారు. పిల్లలు పొగాకుకు అలవాటుపడతారన్న భయంతో వద్దన్నాడని కొందరు, కంపెనీ సొమ్ము చెల్లించనందుకే వద్దన్నాడని మరికొందరు చెబుతారు. కారణమేదైనా, ఆ బొమ్మ ముద్రణ త్వరలోనే నిలిచిపోయింది. నేడు మిగిలిన ప్రతులు సుమారు యాభై, అరవై మాత్రమే. వాటిలో ఒకదానిని 1991లో హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, ఆయన మిత్రుడు బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు కొన్నారు. అదే సంవత్సరం ఏర్పడిన పి.ఎస్.ఎ. అనే పరీక్షా సంస్థ మొట్టమొదట పరిశీలించిన కార్డు అదే. దానికి పదింట ఎనిమిది మార్కులు లభించాయి. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికింది. కత్తెర తగిలిన కార్డుకు ఆ సంస్థ నిబంధనల ప్రకారం అసలు మార్కులే రాకూడదు!

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. వాగ్నర్ కార్డు అరుదైనదన్న మాటలో అసత్యం లేదు. అంత చక్కని స్థితిలో ఉన్న వాగ్నర్ కార్డు అరుదన్న మాటే కత్తెర పుణ్యమా అని పుట్టింది. వస్తువు అరుదు కావడం వేరు, వస్తువు స్థితి అరుదు కావడం వేరు. ఇంటర్నెట్‌లో కార్డులమ్మే వారిలో అనేకులు ఈ రెండింటినీ కలగలిపి ఒకే ధర చెబుతారు.

పరీక్షా సంస్థలు చేసే పని ఇది: కార్డు అసలుదా, నకిలీదా అని చూసి, మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ నడిమికి కుదిరిన తీరు పరిశీలించి, ఒకటి నుండి పది వరకు మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తాయి. పెట్టెపై లేబులు, లేబులుపై ఒక సంఖ్య ఉంటాయి. ఏ కార్డుకు ఏ మార్కులు ఎన్నిసార్లు వేశారో తెలిపే పట్టికను కూడా ఇంటర్నెట్‌లో ప్రకటిస్తారు. సేకర్తలు దానిని ‘పాప్యులేషన్ రిపోర్టు’ అంటారు. కార్డుల జనాభా లెక్క అన్నమాట. ‘పాప్ వన్’ అని అమ్మకందారు ఘనంగా ప్రకటించాడంటే, ఆ పట్టికలో ఆ కార్డుకు ఆ మార్కులు ఒక్కసారే వచ్చాయని అర్థం.

కాని జనాభా లెక్కలవారు ఇంటింటికీ తిరుగుతారు. ఈ లెక్క అటువంటిది కాదు. రుసుము చెల్లించి తమ వద్దకు పంపిన కార్డులనే సంస్థ లెక్కిస్తుంది. ఎవరూ పట్టించుకోని ఆటగాడి కార్డులు వేలకొద్దీ అట్టపెట్టెలలో మూలుగుతూ ఉండవచ్చు. వాటిలో ఒక్కదానిని ఎవరో పరీక్షకు పంపితే అది వెంటనే ‘లోకంలో ఒకే ఒక్కటి’ అయిపోతుంది. దానికి మంచి ధర పలికిందో, మరుసటి నెలలోనే మరో పది కార్డులు అట్టపెట్టెల నుండి బయలుదేరుతాయి. లెక్క ఎదురు దిక్కున కూడా తప్పవచ్చు. తొమ్మిది మార్కులు వచ్చిన యజమాని పది మార్కుల ఆశతో పెట్టె పగలగొట్టి అదే కార్డును మళ్లీ పంపుతాడు. పాత లేబులు తిరిగి అప్పగిస్తే తప్ప పాత పద్దు చెరగదు. అందువల్ల ఒకే కార్డు రెండు, మూడు కార్డులుగా లెక్కకెక్కుతుంది.

మరొక చమత్కారం చూడండి. ‘ఎనిమిది మార్కులు పొందినవి మూడే!’ అని అమ్మకందారు రాస్తాడు. పట్టిక తెరిస్తే తొమ్మిది పొందినవి రెండు వందలు, పది పొందినవి మూడు వందలు ఉండవచ్చు. కొత్త కార్డును కాస్త చెడిన స్థితిలో పరీక్షకు పంపే వెర్రివాడు ఉండడు గనుకనే ఎనిమిదవ గడి ఖాళీగా ఉన్నది. ఒక్క గడి చూపి మిగిలిన పట్టికను దాచడం అబద్ధం కాకపోవచ్చు గాని, నిజాయితీ మాత్రం కాదు. కొనేవాడు పట్టిక మొత్తాన్ని స్వయంగా చూడాలి. అమ్మకందారు పంపిన పట్టిక ఫోటో చాలదు. అది ఏ సంవత్సరం నాటిదో ఎవరు చెప్పగలరు?

కొన్ని కార్డులపై తయారీదారే ‘23/99’ వంటి సంఖ్య ముద్రిస్తాడు. ఆ రకం తొంభై తొమ్మిది వేశారని, ఇది ఇరవై మూడవదని భావం. ఇది పాప్యులేషన్ రిపోర్టు కంటే గట్టి సాక్ష్యం. అయినా ఇందులోనూ గారడీకి చోటున్నది. ఆటగాడి చొక్కాపై అంకె 23 అయితే, ‘చొక్కా అంకె గల కార్డు, ఒకే ఒక్కటి!’ అని ధర పెంచుతారు. మిగిలిన తొంభై ఎనిమిదీ కూడా ఏదో ఒక అంకె గల ఒకే ఒక్కటే కదా! పైగా అదే బొమ్మను నీలం, ఎరుపు, బంగారు అంచులతో పలు రకాలుగా వేస్తారు. ప్రతి రకానికీ వేరే లెక్క. ముద్రణకు వాడిన లోహపు పలకలను కూడా అమ్ముతారు. నాలుగు రంగులకు నాలుగు పలకలు. నాలుగింటి మీదా ‘ఒకటికి ఒకటి’ అనే ఉంటుంది.

లేబులుపై ఉన్న సంఖ్యను సంస్థ సైటులో వేసి చూడడం తప్పనిసరి. అయితే అదొక్కటే చాలదు. నకిలీలు చేసేవారు అసలైన కార్డు సంఖ్యనే దొంగిలించి నకిలీ పెట్టెపై అచ్చువేస్తారు. సంఖ్య సరిపోతుంది, కార్డు వేరు! చాలా కార్డులకు సంస్థ తీసిన ఫోటో సైటులోనే ఉంటుంది. పాత వేలాలలో అదే సంఖ్యతో వచ్చిన ఫోటోలు కూడా దొరకవచ్చు. తెల్లని అంచుల వెడల్పు, ముద్రణలో పడిన చుక్క, మూలలోని నలుగు పోల్చి చూడాలి. ముందు వెనుకలకు కొత్త ఫోటోలు అడిగినప్పుడు అమ్మకందారు నసిగితే ఆ బేరం అక్కడే వదలడం మేలు.

ఇంతా చేసి, అరుదుదనానికీ ధరకూ మధ్య బంధం అనుకున్నంత గట్టిది కాదు. 1952 నాటి టాప్స్ కంపెనీ మిక్కీ మాంటిల్ కార్డునే తీసుకోండి. అమ్ముడుపోని ఆ సంవత్సరపు కార్డులను 1960లో పడవ మీద తీసుకుపోయి అట్లాంటిక్ సముద్రంలో పారవేయించానని కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ చెప్పేవాడు. అమ్మకందారులకు ఆ కథ అంటే మహాప్రీతి. వారు చెప్పనిది ఒకటున్నది: మాంటిల్ బొమ్మను ముద్రణ కాగితంపై రెండేసి చోట్ల వేశారు. అంటే అదే వరుసలోని చాలా కార్డులకంటే అది ఎక్కువగా అచ్చయింది. పి.ఎస్.ఎ. ఒక్కటే వెయ్యికి పైగా మాంటిల్ కార్డులను పరీక్షించింది. అయినా తొమ్మిదిన్నర మార్కుల ప్రతి ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది. ఆటగాడి మీది మోజూ, కార్డు స్థితీ కలిసి తెచ్చిన ధర అది.

మోజుకు పోటు, ఆటు రెండూ ఉంటాయి. 1986 నాటి ఫ్లీర్ కంపెనీ మైకేల్ జోర్డాన్ కార్డుకు పది మార్కుల ప్రతులు మూడు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో రెండు, 2021 జనవరి చివర ఒక్కొక్కటి 7,38,000 డాలర్లకు అమ్ముడుపోయాయి. కొంతకాలానికే ధర అందులో సగానికి కూడా దిగువకు జారింది. పట్టికలోని లెక్క దాదాపు మారనే లేదు. అందుకే అడుగుతున్న ధరను గాక, ఇటీవల పలికిన ధరలను చూడాలి. ఈబేలో అమ్ముడైన సరుకుల జాబితా సుమారు మూడు నెలల వెనక్కు కనిపిస్తుంది. బేరమాడి తగ్గించిన చోట, అడిగిన ధరకు గీత కొట్టి ఉంటుంది; అసలు పలికినది దానికంటె తక్కువ.

క్రికెట్ కార్డుల వైపు చూస్తున్న మన దేశపు సేకర్తలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. బేస్‌బాల్‌తో పోలిస్తే పరీక్షకు వెళ్లిన క్రికెట్ కార్డులు బహు స్వల్పం. పట్టికలో ఏ గడి చూసినా ఒకటి, రెండు, సున్న. కనుక ప్రతి అమ్మకందారూ తన కార్డు ‘పాప్ వన్’ అని ధైర్యంగా చెప్పగలడు. ఆ అంకె నిజమే కావచ్చు. అప్పుడు కొనేవాడు అడగవలసింది, ‘మొత్తం మీద ఎన్ని పరీక్షకు వెళ్లాయి?’ అని. ‘రెండు’ అని జవాబు వస్తే, బేరం మళ్లీ మొదటినుండి మొదలుపెట్టవచ్చు.