మూత్రము తగ్గినపుడు

రెండు దినములు విరేచనములతో బాధపడినవాడు మూడవనాడు అవి కట్టినవని సంతోషించును. ఇంటివారును ఊరట చెందుదురు. ఉదయము మొదలు అతడు మూత్రవిసర్జనకు లేవలేదను సంగతి ఎవరికిని తోచదు. మూత్రపిండములు ఆకస్మికముగా పనిమానుట పెక్కుసారులు ఇట్లు చడిచప్పుడు లేకయే ఆరంభమగును.

ఆరోగ్యవంతుని మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడపోసి, దాదాపు అంతయు మరల రక్తమునకే చేర్చి, ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగా వెడలించును. ఇందులకు రక్తము ధారాళముగా ప్రవహించుచుండవలెను. వాంతులు, విరేచనములు, వడదెబ్బ, ప్రసవమున అధిక రక్తస్రావము మున్నగువానివలన ఆ ప్రవాహము తగ్గినచో వడపోత కొన్ని గంటలలోనే మందగించును.

పెద్దలకు దినమునకు 400 మిల్లీలీటర్లకు లోపుగా మూత్రము వచ్చుట అపాయసూచకము. మొగము, పాదములు ఉబ్బుట, ఆయాసము, మగత తరువాత వచ్చు లక్షణములు, వానికై వేచియుండరాదు. కొందరికి మూత్రము తగ్గకయే వ్యాధి ముదురును. అట్టివారి స్థితి రక్తములోని క్రియాటినిన్ పరీక్షవలననే తెలియును.

విరేచనములు ఆరంభమైనప్పుడే ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిపై వ్రాసిన కొలత ప్రకారము, శుభ్రమైన నీటిలో కలిపి త్రాగించవలెను. 1971లో పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరమున సెలైను సీసాలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పును గ్లూకోజును కలిపిన నీటితో కలరా రోగులను కాపాడెను. ఒంటినొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలను అట్టి స్థితిలో మ్రింగుట, తగ్గియున్న రక్తప్రవాహమును ఇంకను తగ్గించుకొనుటయే.

రక్తపింజరి కాటు వేరొక కారణము. దాని విషము రక్తము గడ్డకట్టు శక్తిని చెరచి మూత్రపిండములను దెబ్బతీయును. మంత్రములతో ప్రొద్దుపుచ్చక, కాటుపై కోతలు పెట్టక, విరుగుడు సూదిమందు దొరకు ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.

మన ఇండ్లలో ఒక పొరపాటు ప్రేమవలననే జరుగుచుండును. మూత్రము రాలేదని రోగికి కొబ్బరినీరు, పండ్లరసము విరివిగా పట్టుదురు. మూత్రపిండములు పనిచేయనపుడు అందలి పొటాషియము రక్తములో నిలిచి గుండెను ఆపగలదు. అధికమైన నీరు ఊపిరితిత్తులలో చేరును. కావున ఆ దశలో ఎంత త్రాగవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

దీర్ఘకాలిక వ్యాధివలె గాక, ఆకస్మికముగా పనిమానిన మూత్రపిండములు సకాలమున చికిత్స లభించినచో పెక్కుమందిలో కొన్ని వారములకు కోలుకొనును. అంతవరకు అవసరమైనవారికి డయాలిసిస్ చేయుదురు. ఆసుపత్రికి పోవునపుడు రోగి మ్రింగిన మందుల అట్టలను వెంట తీసికొనిపోయి, కడపట మూత్రము వచ్చిన వేళను, సుమారు ఎంత వచ్చినదియు వైద్యునికి చెప్పవలెను.