ట్రంపెట్టు నేర్చువారి శ్రవణాభ్యాసము

జాజ్ సంగీతమున మనోధర్మమునకే పెద్దపీట. వాద్యగాడు అప్పటికప్పుడు కల్పించి వాయించిన భాగమును రికార్డునుండి విని, స్వరములుగా వ్రాసికొని, తన వాద్యముపై పలికించుట అభ్యాసకులకు గొప్ప చదువు. అయిన, ఏ రికార్డును వెదకి తెచ్చుకొనవలెను?

ట్రంపెట్టు నేర్చువారు సామాన్యముగా ట్రంపెట్టు రికార్డులనే వెదకుదురు. 1911లో పిట్స్‌బర్గున జన్మించిన రాయ్ ఎల్‌డ్రిడ్జ్ చూపు వేఱు. ఫ్లెచర్ హెండర్సన్ బృందము 1926లో ఇచ్చిన ‘ది స్టాంపీడ్’ రికార్డులో కోల్‌మన్ హాకిన్స్ సాక్సోఫోనుపై వాయించిన భాగమును ఆతడు ఇంచుమించు యథాతథముగ ట్రంపెట్టుపై సాధించెను. సాక్సోఫోనుకు మీటలనేకము, ట్రంపెట్టుకు మూడే. తక్కిన భారమంతయు పెదవిది, ఊపిరిది. ఇరువది యేండ్లైన నిండని యా బాలునకు ఆ విద్యయే ఒక సంచార ప్రదర్శన బృందమున కొలువు నిప్పించినది.

ఇంట ట్రంపెట్టు నేర్చు పిల్లలున్న సోదరీమణులు వారిని హాకిన్స్‌తో ఆరంభింపనీయరాదు. బిక్స్ బైడర్‌బెక్ 1927లో కార్నెట్టుపై వాయించిన ‘సింగిన్ ది బ్లూస్’ నెమ్మదియైనది, నోటితో పాడుకొన వీలైనది. పాడ చేతకాని దానిని వ్రాయబూనుట వ్యర్థమని నా తలంపు. నాడు రికార్డు వేగము తగ్గించిన శ్రుతియు దిగిపోయెడిది. నేటి యంత్రములలో శ్రుతి చెడకుండ వేగము తగ్గించుకొనవచ్చును. కొంచెము విని, నిలిపి, పాడి, పిమ్మటనే వ్రాయవలెను. సామాన్యపు బి-ఫ్లాట్ ట్రంపెట్టుకు, వినబడిన స్వరముకంటె ఒక పూర్ణస్వరము హెచ్చుగా వ్రాయవలెను సుమా!