తీవ్ర మానసిక జబ్బు వెనుక ఇన్ఫెక్షన్ ఉండొచ్చా? ఏ లక్షణాలు కనిపిస్తే పరీక్షల గురించి అడగాలి?

పది రోజుల కిందటి వరకు మామూలుగా కాలేజీకి వెళ్లొచ్చిన అమ్మాయి ఉన్నట్టుండి నిద్రపోవడం మానేస్తుంది. ఎవరో తనను వెంటాడుతున్నారంటుంది. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయంటుంది. ఇలాంటప్పుడు మన ఇళ్లలో కొందరు ‘గాలి సోకింది’ అంటారు. ఇంకొందరు గొంతు తగ్గించి ‘ఎర్రగడ్డకు చూపించాలేమో’ అంటారు. ఒంట్లో ఏదైనా జబ్బు వల్ల ఇలా అవుతోందేమో చూడాలన్న ఆలోచన మాత్రం చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది.

మానసిక జబ్బు మొదలైన వారిలో ఎక్కువ మందికి పరీక్షల్లో అలాంటి కారణమేదీ కనిపించదు. కొద్దిమందిలో మాత్రం కనిపిస్తుంది. వారికి చికిత్స వేరు. అది ఎంత త్వరగా మొదలైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ.

ఈ సంబంధం ఎప్పుడు బయటపడింది?

ఇది వందేళ్ల నాటి సంగతి. 20వ శతాబ్దం మొదట్లో యూరప్, అమెరికాల్లోని మానసిక ఆసుపత్రుల్లో చాలామంది రోగులు ఒకే రకమైన లక్షణాలతో ఉండేవారు. తామే రాజులమన్న భ్రమలు, మతిమరుపు, చివరకు పక్షవాతం, మరణం. 1913లో హిడెయో నొగుచి, జె.డబ్ల్యూ. మూర్ అలా చనిపోయిన వారి మెదళ్లను పరీక్షించి, వాటిలో సిఫిలిస్ బ్యాక్టీరియాను గుర్తించారు. అంతవరకు పిచ్చి అనుకున్నది మెదడుకు పాకిన సుఖవ్యాధి అని తేలింది.

1917లో ఆస్ట్రియా వైద్యుడు జూలియస్ వాగ్నర్-యౌరెగ్ ఈ రోగులకు కావాలనే మలేరియా ఎక్కించి, ఆ జ్వరంతో చికిత్స చేసే ప్రయత్నం చేశారు. కొందరు కోలుకున్నారు, కొందరు ఆ మలేరియాతోనే చనిపోయారు. దీనికి 1927లో ఆయనకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. 1940లలో పెన్సిలిన్ రావడంతో ఆ ప్రమాదకర పద్ధతి అవసరం లేకుండా పోయింది.

కొత్త పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

డెన్మార్క్‌లో పౌరుల ఆసుపత్రి రికార్డులన్నీ ఒకేచోట ఉంటాయి. వాటి ఆధారంగా 2011లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన వారిలో ఆ తర్వాత స్కిజోఫ్రెనియా వంటి జబ్బులు వచ్చే అవకాశం మిగతావారి కంటే 60 శాతం ఎక్కువగా కనిపించింది. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులున్న వారిలో ఇది 29 శాతం ఎక్కువ.

60 శాతం అనగానే భయపడాల్సిన పని లేదు. స్కిజోఫ్రెనియా జీవితకాలంలో దాదాపు వంద మందిలో ఒకరికి వస్తుంది. అది 60 శాతం పెరిగినా వందలో ఇద్దరికి లోపే. అంటే జ్వరంతో ఆసుపత్రిలో చేరిన వారిలో అత్యధికులకు ఏమీ కాదు.

డెన్మార్క్‌లోనే సుమారు 11 లక్షల మంది పిల్లలు, యువతపై చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. అందులోనూ ఇలాంటి సంబంధమే కనిపించింది. అయితే తోబుట్టువులతో పోల్చి చూసినప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. అంటే కుటుంబంలోని జన్యువులు, ఇంటి పరిస్థితుల పాత్ర కూడా ఉందన్నమాట. ఇన్ఫెక్షన్ ఒక్కటే కారణమని వీటిని బట్టి చెప్పలేం.

మరి రోగనిరోధక వ్యవస్థకు మెదడుతో పనేంటి? 2016లో అమెరికా శాస్త్రవేత్తలు దీనికి ఒక ఆధారం చూపించారు. సీ4 అనే జన్యువు సూక్ష్మక్రిములను గుర్తుపట్టి తొలగించే వ్యవస్థలో భాగం. మెదడులో అక్కర్లేని నరాల అనుసంధానాలను కత్తిరించే పనిలోనూ దానికి పాత్ర ఉంది. ఈ జన్యువు ఎక్కువ చురుగ్గా ఉండే రకాలు ఉన్నవారిలో స్కిజోఫ్రెనియా ముప్పు కొంత ఎక్కువని ఆ పరిశోధనలో తేలింది.

కచ్చితమైన కారణం దొరికిన జబ్బు ఏది?

యాంటీ-ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్సెఫలైటిస్. ఇది ఒక రకం మెదడువాపు. డాక్టర్ జోసెప్ డాల్మావ్ బృందం 2007లో దీనికి కారణాన్ని కనిపెట్టింది. క్రిములతో పోరాడాల్సిన యాంటీబాడీలు దారి తప్పి, మెదడు కణాల మీదుండే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లపై పడతాయి. కొందరు మహిళల్లో అండాశయంలోని గడ్డ దీనికి మూలం. ఇంకొందరిలో హెర్పిస్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చి తగ్గిన కొన్ని వారాలకు ఇది మొదలవుతుంది. చాలామందిలో ఏ మూలమూ కనిపించదు.

ఎక్కువగా యువతులకు, పిల్లలకు వస్తుంది. మొదట జ్వరం, తలనొప్పి ఉండొచ్చు. తర్వాత అనుమానాలు, భ్రమలు, అరుపులు. అందుకే చాలామందిని ముందు సైకియాట్రిస్టు దగ్గరికే తీసుకెళ్తారు. న్యూయార్క్ జర్నలిస్టు సుజానా కహలన్ 2009లో ఇలాగే ఆసుపత్రిలో చేరారు. గడియారం బొమ్మ గీయమని న్యూరాలజిస్టు అడిగితే ఆమె అంకెలన్నీ ఒకే పక్కన రాశారు. సమస్య మెదడులో ఉందని వైద్యులకు అక్కడే గట్టి ఆధారం దొరికింది. చికిత్సతో ఆమె కోలుకుని మళ్లీ ఉద్యోగంలో చేరారు.

577 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రెండేళ్లకు సుమారు 80 శాతం మంది బాగా కోలుకున్నారు. చికిత్స త్వరగా మొదలైన వారికి ఫలితం మెరుగ్గా ఉంది. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు, రక్తంలోని ప్లాస్మా మార్పిడి ఇందులో ప్రధాన చికిత్సలు. గడ్డ ఉంటే తీసేస్తారు.

ఏ లక్షణాలు ఉంటే అనుమానించాలి?

జీవితంలో మొదటిసారి, కొద్ది రోజుల్లో లేదా వారాల్లో మానసిక లక్షణాలు మొదలై, వాటితో పాటు కింది వాటిలో ఏదైనా ఉంటే న్యూరాలజిస్టుకు కూడా చూపించాలా అని డాక్టర్‌ను అడగండి.

• ఫిట్స్ రావడం
• జ్వరం, విడవని తలనొప్పి
• మగతగా ఉండటం, ఉన్నచోటు, సమయం తెలియకపోవడం
• మూతి, నాలుక, చేతులు వాటంతటవే కదలడం
• మాట తగ్గిపోవడం, కదలకుండా బిగుసుకుపోవడం
• బీపీ, గుండె వేగం కారణం లేకుండా ఎక్కువ తక్కువలు కావడం
• సైకియాట్రీ మందులు మొదలుపెట్టగానే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరం రావడం

వీటిలో ఫిట్స్, స్పృహ తగ్గడం, ఒళ్లు బిగుసుకుపోవడం ఎమర్జెన్సీ. అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా న్యూరాలజీ విభాగం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖలో కేజీహెచ్ వంటి చోట్ల ఈ విభాగం ఉంది.

ఏ పరీక్షలు చేస్తారు?

ముందు రక్తపరీక్షలు. థైరాయిడ్, బీ12, సోడియం, హెచ్‌ఐవీ, సిఫిలిస్ వంటివి. అనుమానం బలపడితే ఎంఆర్‌ఐ, మెదడు తరంగాలను చూసే ఈఈజీ, నడుము దగ్గర సూదితో వెన్ను నీరు తీసి చేసే పరీక్ష. ‘వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయి’ అన్న భయంతో కొందరు ఒప్పుకోరు. వెన్నుపాము ముగిసిన చోటు కంటే కిందే సూది వేస్తారు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. యాంటీబాడీలను పట్టుకోవడంలో రక్తం కంటే ఈ నీరే ఎక్కువ నమ్మదగినది. ఎంఆర్‌ఐ మామూలుగా వచ్చినంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు.

అందరికీ ఈ పరీక్షలు, యాంటీబయాటిక్స్ అవసరమా?

అవసరం లేదు. ఎన్నో ఏళ్లుగా ఒకే తీరులో ఉన్న స్కిజోఫ్రెనియా, బైపోలార్ రోగులకు వెన్ను నీటి పరీక్షతో సాధారణంగా ఉపయోగం ఉండదు. మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను స్కిజోఫ్రెనియా తొలి దశలో ఉన్న 207 మందిపై బ్రిటన్‌లో పరీక్షించి చూశారు. ప్రయోజనం లేదని 2018లో తేల్చారు. ‘అసలు కారణం ఇన్ఫెక్షనేమో’ అనుకుని ఇప్పుడు వాడుతున్న మందులు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. డాక్టర్ చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మానొద్దు.

సాయం ఎక్కడ? హక్కులేంటి?

కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు. ఎక్కడికి తీసుకెళ్లాలో వారు చెబుతారు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం జబ్బేంటో, ఏ చికిత్స ఇస్తున్నారో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. వైద్య రికార్డులు అడిగి తీసుకోవచ్చు. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా సంస్థలు కవరేజీ ఇవ్వాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు రెండు పనులు చేయండి. ఏ తేదీన ఏ లక్షణం మొదలైందో, అంతకుముందు జ్వరం వచ్చిందో లేదో వరుసగా రాసుకోండి. వింత కదలికలు, ఫిట్స్ లాంటివి కనిపిస్తే రోగిని జాగ్రత్తగా చూసుకుంటూనే ఫోన్‌లో వీడియో తీయండి. దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా డాక్టర్‌కు మాత్రమే చూపించండి. ఆసుపత్రికి చేరేసరికి ఆ కదలికలు ఆగిపోవచ్చు. అప్పుడు డాక్టర్‌కు ఆ వీడియోనే ఆధారం.